వెండి రంగు వేసిన గేరుబాక్సు

గేరుబాక్సులు విప్పి బిగించడంలో అక్క చెయ్యి తిరిగిన మనిషి. భయపడటంలో ఇంకా ఆరితేరింది. షెడ్డుకు తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసే రకం. తమ్ముడి తంతు వేరు. బుల్లి కారులో పెద్ద ఇంజను కూరేసి, "ఇప్పుడు దీనికి తగ్గ గేరుబాక్సు నువ్వే చూడాలక్కా" అని వచ్చి ఆమె బల్ల ఎక్కి కూర్చున్నాడు.

నెల రోజులు తర్జనభర్జన పడ్డారు. కారుతో వచ్చిన గేరుబాక్సు ఈ ఇంజను దెబ్బకు వారంలో పళ్ళు రాల్చుకుంటుంది. ఇంకొకటి గట్టిదే గానీ బానెట్ కింద పట్టి చావదు. మూడోదాన్ని తమ్ముడే స్క్రాపు కొట్టు నుంచి మోసుకొచ్చాడు. సరుకుల వ్యానుది, మొండిఘటం. పైన నిగనిగలాడే వెండి రంగు.

అక్క దాన్ని ముక్క ముక్కగా విప్పింది. ప్రతి పళ్ళచక్రానికీ, పై కేసింగుకూ కిరసనాయిలు పట్టించి, తుడిచి, సుద్దపొడి చల్లింది. పగులుంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్దలోకి తడిగీతలా ఊరుతుంది. ఒక్క గీతా ఊరలేదు. "సరే, బిగించుకో" అంది. ఆమె నోట ఆ మాట రావడమంటే మాటలు కాదు.

ఈ పొద్దున తమ్ముడు కారును మొదటిసారి వేగంగా నడిపి చూడటానికి ఊరి బయటి ఖాళీ రోడ్డుకు వెళ్ళాడు. అక్క బల్ల తుడుచుకుంటోంది. గుడ్డకు వెండి రంగు పెచ్చు ఒకటి అంటుకుంది. దాన్ని గోటితో గీకుతూ ఉండగానే ఆమెకు అనుమానం తగిలింది.

బురదలో పొర్లే వ్యాను గేరుబాక్సుకు ఎవరైనా సోకులు చేస్తారా? కేసింగుకు సుద్ద చల్లింది నిజమే, కానీ రంగు మీద చల్లింది. రంగును దాటి కిరసనాయిలు పగుల్లోకి ఎలా దిగుతుంది? ఇరవై ఏళ్ళ పనితనం ఏ గంగలో కలిసిందో!

తమ్ముడికి ఫోను చేస్తే మోగుతూనే ఉంది. వాడు ఎత్తడం లేదు. ఆ కారును లాగేవి ముందు చక్రాలే, మలుపు తిప్పేవీ అవే. కేసింగు విచ్చుకుని లోపలి పళ్ళచక్రాలు పట్టేశాయంటే ముందు చక్రాలూ బిగుసుకుపోయి, స్టీరింగు తిప్పినా కారు మాట వినదు. అక్క స్కూటరెక్కింది. దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి బండీ ఏదో చెడ్డకబురు మోసుకొస్తున్నట్టే కనిపించింది.

కారు రోడ్డు పక్కన క్షేమంగా నిలబడి ఉంది. తమ్ముడు దానికి ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు. అక్కకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఫోనెందుకు ఎత్తవురా వెధవా?"

"నడుపుతున్నా కదక్కా. ఒక చుట్టు అయింది, ఇంకోటి వేసొస్తా."

"జాకీ ఎత్తు ముందు. కింద చూడాలి."

"ఇప్పుడా? కాలిపోతోంది, చెయ్యి పెట్టకు. సాయంత్రం చూద్దువులే."

అక్క వినలేదు. జాకీ తనే ఎత్తి, పక్కన రాయి దన్నుపెట్టి, బ్లేడు పట్టుకుని కిందికి దూరింది. రంగు గీకిన చోట వెల్డింగు మచ్చ బయటపడింది. జానెడు పొడవు. దాని చివర వెంట్రుకంత పగులు, పగుల్లో నూనె చెమ్మ.

"ఆ స్క్రాపువాడు నిలువునా ముంచాడురా! వాడి సంగతి తేలుస్తా."

ఆమె బయటికి వచ్చి చూస్తే తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"వాడు కాదక్కా. రంగు నేనే వేశా."

"నువ్వా? ఎందుకురా?"

"మచ్చ చూస్తే నువ్వు వద్దంటావు" అన్నాడు. "ఇంతకంటే గట్టిది నాకెక్కడా దొరకలేదు. నాకూ భయంగానే ఉండింది. నువ్వు బాగుందన్నాక పోయింది. రంగు కింద ఏముందో తెలిసి కూడా ఆ రాత్రి హాయిగా నిద్రపోయా."

"ఇందాక చప్పుడేమైనా వచ్చిందా?"

వాడు నేల చూపులు చూశాడు. "వచ్చింది. నా భ్రమేమో, ఇంకోసారి వెళ్ళి చూద్దామనుకున్నా."

అక్క రోడ్డు మీదే కూలబడింది. తన భయాన్ని ఇంట్లో అందరూ నవ్వులాటగా తీసుకుంటారని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. వీడేమో తన ధైర్యమంతా ఆ భయం మీదే పెట్టుకుని బతుకుతున్నాడు. ఆ సంగతి ఆమెను పగులుకన్నా ఎక్కువ భయపెట్టింది.

"ఇరవై స్పీడు దాటకుండా ఇంటిదాకా మెల్లగా పోనివ్వనా?" తమ్ముడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "నువ్వే చెప్పక్కా."

అక్క లేచి, జాకీ దించి, వాడి చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. కారు వెనక్కి వెళ్ళి, తోయడానికి భుజం ఆనించింది.