కొలతకి నిలబడ్డ మనిషి

"అలాగే, కదలకు," అంటాడు భర్త. అప్పటికి ఆమె కాఫీ ఫ్లాస్కు మోసి, మూడుకాళ్ళ స్టాండు పాతి, లెన్సులు తుడిచి, వెళ్ళి గాలిమర కింద నిలబడి ఉంటుంది. పక్కన మనిషి లేకపోతే దాని ఎత్తు అతని అంచనాకు అందదట. తప్పుకునేసరికి వెలుతురు మారిపోతుందని ఆమెను ఉంచే ఫోటో తీస్తాడు. సాయంత్రం వంటయ్యాక ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, అతని పుస్తకాల్లో గాలిమరలే కనబడాలి గనక, ప్రతి ఫోటోలోంచీ తనను తానే చెరపాలి. పక్కనున్న గడ్డి కాస్త తెచ్చి కాళ్ళమీద, ఆకాశం కాస్త తెచ్చి ముఖంమీద అద్దాలి. ఎనిమిదేళ్ళుగా ఇదే చాకిరీ. కూరలో కరివేపాకు నయం, దాన్ని ఇంకొకరు తీసి పారేస్తారు. పుస్తకాల మీద పేరు మాత్రం అతనిది. "నువ్వేం చేశావు? ఊరికే నిలబడ్డావు," అని నలుగురిలో నవ్వాడోసారి. అత్తగారూ నవ్వారు.

సోమవారం ఆమె జ్వరంతో మంచం దిగలేదు. అతనొక్కడే వెళ్ళాడు. మంగళవారం పొద్దున ఫోటోలు తెరిస్తే, పందొమ్మిదో గాలిమర కింద ఆకుపచ్చ స్వెటర్‌లో ఎవరో నిలబడి ఉన్నారు. ఆ స్వెటర్ నిన్నంతా తన ఒంటిమీదే ఉంది. పెద్దది చేసి చూసి ఉలిక్కిపడింది. ముఖం ఉండాల్సిన చోట ఆకాశం అద్ది ఉంది. అది తన చేతిపనే, కానీ ఆ ఫోటోను తానింకా ముట్టుకోనే లేదు.

"ఇదెవరండీ?"

"నువ్వే, ఇంకెవరు?" అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

"నిన్న నేను రాలేదు కదా!"

"మతిగాని పోయిందా? రోజంతా నా పక్కనే ఉన్నావు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రోజూ అలా ఉంటే ఎంత హాయి!"

ముఖం లేని మనిషితో రోజంతా గడిపి, తేడా తెలుసుకోలేదు కట్టుకున్నవాడు. భయం కన్నా ముందు ఆమెకు ఒళ్ళు మండింది. "నాకింకా తగ్గలేదు. ఇవాళా రాను," అంది. విన్నాడో లేదో, "తొందరగా ఎక్కు," అంటూ బయటికి నడిచాడు. కిటికీలోంచి చూస్తే, కారు రెండోవైపు తలుపు దానంతటదే తెరుచుకుని మూసుకుంది. అతను పక్కసీటు వైపు తిరిగి ఏదో చెబుతూ బండి కదిలించాడు.

ఆమె గడియ పెట్టి వచ్చి కూర్చుంది. వంట జోలికి పోలేదు. ఫోటోలో ఆ ముఖం మీది ఆకాశాన్ని కొంచెం కొంచెంగా తుడిచింది. మధ్యాహ్నానికి నుదురు తేలింది, తరవాత రెండు కళ్ళు. తనవే. ఫోటో తీస్తున్నవాడి వైపే సూటిగా చూస్తున్నాయి.

ఫోన్ మోగింది. అతనే.

"నువ్వు... ఇంట్లో ఉన్నావా? మరి ఇక్కడ నా వంక అలా చూస్తున్నదెవరు?"

"నేనే, ఇంకెవరు? అలాగే, కదలకండి," అంది ఆమె. ఆకాశం తుడవాల్సింది ఇక నోటి మీదే.