అడగని ప్రశ్నకు జవాబు

మా లాడ్జి పేరెత్తితే చాలు, కొత్తవాళ్ళు ముందుగా అడిగేది గది అద్దె ఎంత అని. మంచాలూ దుప్పట్లూ ఉండే లాడ్జి కాదు బాబూ, ఒకరినొకరు సోదరులనుకునే ఫ్రీమేసన్ల సంఘం లాడ్జి అని చెబితే రెండో ప్రశ్న సిద్ధం: తలుపులేసుకుని లోపల ఏం చేస్తారు? ఏముంది చేయడానికి! ఏప్రన్లు కట్టుకుంటాం, కంఠతా పట్టిన మాటలు వరసగా చెప్పుకుంటాం, ఎవరింట్లో ఏ కష్టం వచ్చిందో విచారిస్తాం, కలిసి భోంచేసి ఇళ్ళకు పోతాం. ఈమాత్రం దానికి గుమ్మం బయట కత్తి పట్టుకుని కాపలా ఒకడా అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. ఫర్నిచర్ షాపు పైనున్న పొడవాటి గది మాది. కింద సోఫాలకు కొట్టే వార్నిష్ వాసన మెట్లెక్కి మాతోపాటే లోపలికి వస్తుంది.

నాకు వెల్డింగు షాపు ఉంది. లాడ్జిలో మాత్రం నేను సీనియర్ వార్డెన్ని, అంటే మాస్టర్ తర్వాతివాణ్ణి. మాస్టర్ తూర్పున కూర్చుంటే నేను ఆయనకెదురుగా పడమట కూర్చుంటాను.

మాస్టర్ స్కూలు బస్సు డ్రైవరు. నేను అన్నా అని పిలుస్తాను, ఆయన భార్యను వదినా అని. తోడబుట్టిన అన్నతో నాకు మాటల్లేవు కాబట్టి ఆ పిలుపు చాలాకాలం ఖాళీగానే పడి ఉంది. ఆయన్ని మాస్టర్‌గా ఎన్నుకున్నప్పుడు, మా మీద అజమాయిషీ చేసే పై లాడ్జివాళ్ళు కొందరు బస్సు డ్రైవరేమిటని మూతి విరిచారు. వాళ్ళకేం తెలుసు? ఒకసారి లాడ్జిలో మా మంగలి సోదరుడికీ పళ్ళ డాక్టరుకీ ఏదో మాటామాటా పెరిగి ఎడమొహం పెడమొహం అయ్యారు. అన్న ఇద్దరినీ ఖాళీ బస్సులో ఒకే సీటు మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. మాట్లాడుకునేదాకా ఎక్కడా ఆపలేదు. చివరికి డాక్టరే నోరు తెరిచాడట, "ఈయన ఆపేట్టు లేడు, క్షమించవయ్యా, నాకు ఆకలేస్తోంది" అని. మనుషుల్ని నడిపించడమంటే నా దృష్టిలో అదే.

అలాంటివాడు ఒక పొద్దున బస్సు తీయబోతూ స్టీరింగు మీద వాలిపోయాడు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ మాటా దక్కలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, జోకు వేస్తే అందరికంటే ముందు నవ్వుతాడు, నోరు తెరిస్తే మాత్రం "బ... బ..." తప్ప ఏదీ రాదు.

మంగలి రోజూ వెళ్ళి గడ్డం గీశాడు. డాక్టరు తన కారులో వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్ళాడు. నేను లాడ్జి మెట్లకు ఇనుప కమ్మీ బిగించాను. కుడి చెయ్యి లేదు కదా అని ఎంతో తెలివిగా ఎడమవైపు బిగించి, గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఎక్కడం దివ్యంగా ఎక్కాడు. దిగేటప్పుడు చూస్తే కమ్మీ పడిపోయిన చెయ్యివైపు ఉంది. మంగలి ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నా పరువు తీస్తుంటాడు. మర్నాడే రెండోవైపూ బిగించాననుకోండి.

ఇంతలో పై లాడ్జి నుంచి కబురొచ్చింది. లాడ్జిని మాస్టరే స్వయంగా తెరవాలి, అంటే సమావేశం ఆయనే మొదలుపెట్టాలి. ఆయన ప్రశ్నలడగాలి, మేం ఒక్కొక్కరం లేచి జవాబులివ్వాలి. పుస్తకం చూడకూడదు. ఆయన కుర్చీలో ఉండగా ఆయన మాట ఇంకొకరు పలకకూడదు. ఆస్పత్రిలో ఉండి అప్పటికే కొన్ని సమావేశాలకు రాలేకపోయాడు కనక, ఈసారి కూడా తెరవలేకపోతే కుర్చీ ఖాళీ అయినట్టే. చూసిపోవడానికి పెద్దాయన ఒకరు వస్తున్నారు. నిబంధనలన్నీ నాలుక చివర ఉండే మనిషి, చాటున అందరం రూల్సయ్య అంటాం.

ఆ సాయంత్రం అన్నను తీసుకురావడానికి వెళితే వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది.

"బస్సు పోయింది, మాట పోయింది. పొద్దున్నించి ఆ ఏప్రన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారయ్యా. ఆ కుర్చీ కూడా తీసేస్తే ఇంక గోడవైపు తిరిగి పడుకుంటారు. మళ్ళీ లేవరు. నాకు తెలుసు."

"ఎవడు తీసేస్తాడో చూస్తాను వదినా," అన్నాను. అన్నానే గానీ ఏం చేయాలో నాకేం పాలుపోలేదు.

లాడ్జి మెట్ల దగ్గర రూల్సయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"ఇవాళ నువ్వే కూర్చోవాల్సి వస్తుంది. సిద్ధంగా ఉండు."

"ఆయన మా మాస్టరండీ."

"జాలి వేరు, నాయకత్వం వేరు. మాట రానివాడు పదిమందిని ఎలా నడిపిస్తాడు? నువ్వే చెప్పు."

ఆ కుర్చీ మీద నాకు ఆశ లేదంటే అబద్ధం. ఏనాటికైనా అందులో కూర్చోవాలనే అద్దం ముందు నిలబడి మాస్టర్ మాటలన్నీ కంఠతా పట్టినవాణ్ణి. కానీ ఇలాగా? ఒళ్ళు మండిపోయింది. అన్నకు నా భుజం ఆసరా ఇచ్చి పైకెక్కించాను.

అందరం ఎవరి చోట్లలో వాళ్ళం కూర్చున్నాం. రూల్సయ్య అన్న పక్కనున్న అతిథి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అన్న ఎడమ చేత్తో చెక్క సుత్తి ఎత్తి బల్ల మీద ఒక దెబ్బ కొట్టాడు. గది సద్దుమణిగింది. ఇప్పుడు మొదటి ప్రశ్న రావాలి.

అన్న నోరు తెరిచాడు. మెడ నరాలు పొంగాయి. "బ..." అన్నాడు. మళ్ళీ "బ... బ..." అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. మంగలి తల వంచుకున్నాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు.

రూల్సయ్య లేచాడు. గొంతులో కోపమేమీ లేదు, అది నాకింకా కష్టంగా తోచింది.

"సోదరులారా, ఎవరి తప్పూ కాదు. కుర్చీ ఖాళీ అయినట్టే. సీనియర్ వార్డెన్, ఇలా వచ్చి సుత్తి అందుకోండి."

నేను లేచి నిలబడ్డాను.  అన్న సుత్తిని బల్ల మీదే తిప్పి, పిడి నావైపు పెట్టాడు. నవ్వడానికి కూడా ప్రయత్నించాడు, సగం మొహంతో. రారా, తీసుకో, నాకేం బాధ లేదులే అన్నట్టు.

నీకు బాధ లేకపోతే పోయింది, నాకుంది. అడుగు ముందుకు వేయలేదు. నా చోట్లోనే నిలబడి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, గది దద్దరిల్లేలా అన్నాను:

"మాస్టర్! మన మొదటి పని, తలుపు భద్రంగా ఉందని చూసుకోవడం!"

అది మొదటి ప్రశ్నకు జవాబు. ఎవరూ అడగని ప్రశ్నకు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అన్నకు అర్థమైంది. పిడి చప్పున తనవైపు తిప్పుకుని టక్కున ఒక దెబ్బ కొట్టి, తలుపు దగ్గరి సోదరుడివైపు చూశాడు. అతను ఎగిరిపడినట్టు లేచాడు.

"తలుపు భద్రంగా ఉంది మాస్టర్!"

టక్. అన్న కళ్ళు మంగలివైపు తిరిగాయి.

"నా చోటు దక్షిణం మాస్టర్! అలిసినవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం నా పని!" మంగలి ఒక్క మాట తప్పలేదు.

టక్. డాక్టరు లేచాడు. టక్. కార్యదర్శి లేచాడు. దెబ్బ దెబ్బకూ ఒకరు లేచారు, జవాబు వెంట జవాబు వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ గొంతులో విన్న ప్రశ్నలు, మళ్ళీ వినిపించాలా? అన్న వీపు నిటారైంది. కూడలిలో బస్సు తిప్పేటప్పుడు అద్దంలో చూసుకునే చూపు మళ్ళీ ఆ కళ్ళలోకి వచ్చింది. చివరగా నావైపు చూశాడు. టక్.

"నా చోటు పడమర మాస్టర్! ఇక్కడికొచ్చినవాడెవడూ ఉత్తచేతులతో ఇంటికి పోకుండా చూడడం నా పని!"

ఆఖరి దెబ్బ మాత్రం గట్టిగా కొట్టాడు. ఆ దెబ్బ పడితే అందరం లేచి ఒక్క గొంతుతో తథాస్తు అంటాం. లాడ్జి తెరుచుకున్నట్టు ఒప్పుకోవడం అది. అందరం అన్నాం. మా అందరికంటే గట్టిగా, గంభీరంగా, గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నవాడు రూల్సయ్య. నలభై ఏళ్ళ అలవాటు, పాపం. ఆ దెబ్బ వినపడితే ఆయన నిద్రలో కూడా అంటాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. మొహం కందగడ్డయింది.

"ఇది చెల్లదు," అన్నాడు. "ప్రశ్నలు ఎవరడిగారు?"

"మాస్టర్ మాట ఇంకొకరు పలకకూడదన్నారు. ఎవరమూ పలకలేదు," అన్నాను. "మా జవాబుల్లో తప్పుందా?"

"జవాబుల సంగతి కాదయ్యా నేను..."

"ప్రశ్న వినపడకుండానే ఇంతమందిమి సరైన జవాబు చెప్పామా? మాకు వినపడిందండీ. మీకూ వినపడింది. లేకపోతే తథాస్తు అని ఎందుకన్నారు?"

మంగలి నవ్వాపుకోలేక దగ్గు నటించాడు. రూల్సయ్య తన సంచీ చంకన పెట్టుకున్నాడు.

"పైవాళ్ళకు రాస్తాను. మీ లాడ్జినే మూయించొచ్చు, తెలుసుగా?"

"రాయండి," అన్నాను. "మూసేస్తే నా షాపులో పెట్టుకుంటాం. ఇనుప కుర్చీ నేనే చేస్తాను. అందులోనూ ఆయనే కూర్చుంటాడు."

ఎవరో "అంతే!" అన్నారు. తర్వాత అందరూ అన్నారు.

రూల్సయ్య తలుపువైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎందుకాగాడో అక్కడున్న మా అందరికీ తెలుసు. లాడ్జి తెరిచాక మాస్టర్ అనుమతి లేకుండా ఎవరూ గడప దాటకూడదు, ఎంతటివాడైనా సరే. ఆ నిబంధనను కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేది ఆయనే. దాటితే తన మాట తానే తప్పినట్టు. దాటకుండా అనుమతి అడిగితే, తాను దించడానికి వచ్చిన మనిషిని మాస్టర్‌గా ఒప్పుకున్నట్టు.

 చివరికి తూర్పుకు తిరిగి, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"మాస్టర్," అన్నాడు, "వెళ్ళడానికి అనుమతి ఇప్పించండి."

అన్న ఆయన్ని తాపీగా చూశాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఎడమ చేత్తో తన పక్కనున్న కుర్చీ చూపించాడు.

రూల్సయ్య వెళ్ళి కూర్చున్నాడు.