తలవైపు కుర్చీ

మనోవిశ్లేషణ గురించి నాకు ముందేమీ తెలియదు. కావలిలో పుస్తకాల ఎగ్జిబిషన్ పెడితే, ఎండకు తాళలేక లోపలికి వెళ్ళి, వట్టి చేతులతో బయటికి రావడం బాగుండదని ఒక పుస్తకం కొన్నాను. మన మనసు లోపల ఇంకో మనసు ఉంటుందని, అది మనకు చెప్పకుండా మన చేత పనులు చేయిస్తుందని అందులో ఉంది. నేను లెక్కల టీచర్ని, ఇలాంటివి తొందరగా నమ్మను. కానీ బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక్కదాన్నే ఉండే మనిషికి సెలవు రోజు మధ్యాహ్నం చాలా పొడుగు. నమ్మకపోయినా చదివాను.

అందులో చెప్పిన వైద్యం మాత్రం నచ్చింది. వెళ్ళినవాళ్ళు మంచం మీద పడుకోవాలి. డాక్టరు తలవైపు, కనపడకుండా, కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మనసులోకి ఏది వస్తే అది, సిగ్గూ వరసా లేకుండా చెప్పాలి. ఆయన వింటూ అప్పుడప్పుడూ ఊఁ కొడతాడు. మందూ మాకూ లేదు. సలహాలు కూడా లేవు. మా స్టాఫ్ రూములో సలహాలు తప్ప ఇంకేమీ దొరకవు కాబట్టి అది మరీ నచ్చింది.

చూద్దాం, పోయేదేముందని నవారు మంచం మీద పడుకుని, తలవైపు ప్లాస్టిక్ కుర్చీ వేశాను. కళ్ళజోడు తీసి కింద పెట్టి మొదలుపెట్టాను. గ్యాస్ సిలిండర్ బుక్ చేయాలి అన్నాను. తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దలేదు అన్నాను. రాత్రి అన్నం మిగిలిపోయింది, పారేయడానికి మనసు రావడం లేదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దసరా సెలవులు మొదలయ్యాక పాలు పోసే పేరమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తట్టింది. ఇంకేదో చెప్పబోయి, వింటున్నారో లేదో అని వెనక్కి తిరిగి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఉండక ఏమవుతుంది, వేసింది నేనే కదా. అయినా ఏడుపొచ్చింది. విసురుగా లేచి కాలు కింద పెట్టాను. కళ్ళజోడు పటుక్కుమంది.

ఆ పుస్తకం ప్రకారం పొరపాటు అన్నదే లేదు. వస్తువు పారేసుకున్నా, పగలగొట్టుకున్నా, లోపలి మనసు కోరుకునే చేస్తుందట. నాకు ఒళ్ళు మండింది. మైనస్ ఏడు పవరున్న మనిషి తన కళ్ళజోడు తనే తొక్కుకోవాలని ఎందుకు కోరుకుంటుంది?

ఆ ఫ్రేము ఎంచింది నిషాత్. మా బళ్ళోనే సైన్సు టీచరు. సాయంత్రాలు ఇద్దరం బండి మీద తుమ్మలపెంట సముద్రానికి పోయి, ఉప్పుగాలికి అద్దాలు మసకేసేదాకా కూర్చునేవాళ్ళం. తర్వాత తనకు వాకాడుకు బదిలీ అయింది. మొదట్లో రోజూ ఫోను, ఆ తర్వాత పండగలకు మెసేజి, ఆ తర్వాత అదీ లేదు. ఈసారి తనే చేయాలని నేను పట్టుబట్టాను. అక్కడ తనూ అదే పట్టు పట్టి ఉంటుంది. పోట్లాడుకున్నా బాగుండేది, ఎవరో ఒకరు తగ్గి మాట్లాడేవాళ్ళం. మేం పోట్లాడుకోనే లేదు.

కాడ విరిగి, ఒక అద్దం బీటలు వారిన కళ్ళజోడును చేత్తో పట్టుకునే కావలి బస్సెక్కాను. కళ్ళజోళ్ళ కొట్టు సైఫుల్లా పవరు చూశాడు, మారలేదు. ఫ్రేము దగ్గరే చిక్కొచ్చింది. కొత్త ఫ్రేములో పవరు ఉండదు. పాతది తీస్తేనే కొత్తది పెట్టుకోగలం. పాతది తీశాక అద్దంలో నా మొహం ఉండాల్సినచోట ఏదో గోధుమరంగు ముద్ద కనిపిస్తుంది. అందుకే పోయినసారి నిషాత్‌ను తోడు తీసుకొచ్చాను. "ఇది పెట్టుకో, కోపం కొంచెం తక్కువగా కనిపిస్తా ఉంది" అనింది.

తోడు లేనివాళ్ళకు సైఫుల్లా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నచ్చిన ఫ్రేములన్నీ పెట్టి ఫోటోలు తీసి, వాళ్ళ ఇళ్ళకు పంపించి, జవాబొచ్చేదాకా టీ ఇప్పిస్తాడు. నా పక్కన వెంకయ్య అనే రైతు అదే పని మీద ఉన్నాడు. ఆయన కూతుళ్ళు ఇద్దరూ వీడియో కాల్లో ఉన్నారు.

"ఆ నల్లది వద్దు నాయనా, దొంగ మాదిరి ఉండావు."

"ఇంట్లో నన్ను చూసేది మీరే గదా మే, మీరే చెప్పండి," అని ఆయన మురిసిపోతున్నాడు.

సైఫుల్లా నాకూ నాలుగు ఫోటోలు తీశాడు. "ఎవురికి పంపాల మేడమ్? నంబరు చెప్పండి."

"నాకే పంపండి."

తలెత్తి నన్ను చూసి, వెంటనే దించుకున్నాడు. "అట్నే మేడమ్. మీకే."

ఆ మెత్తదనానికి కోపం వచ్చింది. అతని మీద కాదు. ఊరూ జిల్లా వెతికినా నా మొహం ఎలా ఉందో చెప్పే మనిషి ఒక్కరూ లేకుండా బతుకుతున్నందుకు. పగిలిన కళ్ళజోడు పట్టుకుని ఫోటోలు చూశాను. నాలుగింట్లోనూ కోపంగా ఉన్న ఒకే ఆడమనిషి. ఏది బాగుందో నాకేం తెలుస్తుంది.

నిషాత్‌కు పంపాను. పొరపాటున వచ్చాయని చెప్పొచ్చు అనుకున్నాను. ఆ పుస్తకం చదవకుండా ఉంటే ఆ మాట నేనే నమ్మేదాన్ని. టిక్కులు నీలం అయ్యాయి. ఏదో రాస్తున్నట్టు చూపించి ఆగిపోయింది. చెరిపేద్దామని వేలు పెట్టాను, చూసేసింది కదా అని తీసేశాను. టీ మీద మీగడ కట్టింది. వెంకయ్య ఫ్రేము తేల్చుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చింది జవాబు. ఫ్రేముల గురించి ఒక్క ముక్క లేదు.

"నేను ఎంచింది ఏమైంది?"

"కింద పెట్టి నేనే తొక్కినాను" అని కొట్టాను. కాసేపాగి ఇంకోటి పంపాను. "కావాలనేమో."

వెంటనే ఫోను మోగింది.

"చెప్పు," అనింది నిషాత్.

ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడగలేదు. నన్నూ అడగనివ్వలేదు. అవతల గాలి చప్పుడు, తను ఆరుబయట ఉన్నట్టుంది. పాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కొట్టంతా అలుక్కుపోయింది.

"గ్యాస్ సిలిండర్ బుక్ చెయ్యాల," అన్నాను.

"ఊఁ," అనింది నిషాత్.