ఇంటి కాన్పులు లేని వాడ

ఆ వాడలో నడిచే మనుషుల్లో సగంమందికి బొడ్డు కోసింది ఆవిడే. ముప్పై ఏళ్ళ పని. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ మంత్రసానత్తే. కోడలేమో అదే వాడకి ఆరోగ్య కార్యకర్త. "అత్త చేత్తో చేసే పని కోడలు కలంతో చేస్తోంది" అని ఇరుగుపొరుగు నవ్వేవారు. అత్తాకోడళ్ళిద్దరూ కూడా నవ్వేవారు.

ఏడాది కిందట ఆరోగ్య కేంద్రంలో ఒక పెద్ద పటం వేలాడదీశారు. ప్రపంచ దేశాలన్నీ కూర్చుని పెట్టుకున్న లక్ష్యాలట అవి, ఒక్కోదానికి ఒక్కో రంగు గడి. కాన్పులో తల్లులు చావకూడదన్నది వాటిలో ఒకటి. అందుకని ఇకనుంచి ఇంట్లో కాన్పు జరగకూడదని సూపర్‌వైజరమ్మ చెప్పింది. మంత్రసానత్తకి కోపం రాలేదు. తన చేతుల్లోనే ముగ్గురు తల్లులు నెత్తురు ఆగక పోయారు. ఆ మూడు ముఖాలూ ఆవిడకి నిద్రలో కూడా గుర్తే. "ఆసుపత్రి ఉంటే బతికేవాళ్ళే" అని ఎవరూ అడక్కుండానే అనేది. కాబట్టి మారుమాట లేకుండా తన కాన్పుల సంచీ అప్పగించి, ఇక ఏ కాన్పూ ముట్టుకోనని కాగితం మీద వేలిముద్ర వేసింది. నాలుగు నెలలకి వాడ మొదట్లో బోర్డు వెలిసింది: ఇంటి కాన్పులు సున్నా.

ఇంటింటికీ మంచినీళ్ళు ఇవ్వాలన్నది అదే పటంలో ఇంకో గడి. దానికోసం వాడ పొడవునా గొయ్యి తవ్వారు. గొట్టాలు వచ్చేలోగా గుత్తేదారు కనపడకుండా పోయాడు. మూడు నెలలుగా జనం ఛాతీలోతు గోతిమీద చెక్కలు వేసుకుని, కోతుల్లా దాటుతున్నారు.

వాడలో బట్టలు కుట్టే దర్జీ పిల్లకి రెండో కాన్పు. పెద్దబిడ్డ పొరుగూళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంది. మొగుడు లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. నొప్పులకి ఇంకా రెండు వారాలుందని కోడలు లెక్కగట్టింది. ఆ రోజు మధ్యాహ్నం కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. పక్కింటి ఇస్త్రీ ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా, ఆ పిల్ల నేలమీద కూలబడిపోయింది. ఒక్కసారి రా."

"నేను రాకూడదయ్యా. కోడలికి ఫోన్ చెయ్యి."

"చేశాను. వస్తోంది. నువ్వు చూడటానికైనా రా."

"చూస్తే ముట్టుకోకుండా ఉండలేను. కోడలి ఉద్యోగం పోతుంది."

ఆవిడ తలుపు వేసుకుని లోపల కూర్చుంది. మూడిళ్ళ అవతలనుంచి మూలుగు వినపడుతోంది. ఎంతసేపటికొకటి వస్తోందో చెవి దానంతటదే లెక్కబెడుతోంది. రెండో కాన్పు, ఇంక ఎంతోసేపు పట్టదు. ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అంబులెన్సు చెప్పిన టైముకే వచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ వాడ మొదట్లోనే ఆగిపోయింది. స్ట్రెచరు చెక్కల మీద పట్టలేదు. అరగంట కిందా మీదా పడి, చివరికి దర్జీ పిల్లని ఆమె కుట్టుకునే కుర్చీలోనే కూర్చోబెట్టి, ఇస్త్రీ ఆయనా ఇంకో ఇద్దరూ ఎత్తుకుని బయల్దేరారు. అప్పటికే వచ్చిన కోడలు పక్కనే నడిచింది. గోతి ఒడ్డుకి వచ్చేసరికి ఆ పిల్ల ఇక కూర్చోలేనంది.

"తల కనపడుతోంది" అంది కోడలు. తర్వాత వాడంతా వినేలా పిలిచింది. "అత్తమ్మా! రండి!"

మంత్రసానత్త చెప్పుల్లేకుండా వచ్చింది. తవ్విపోసిన మట్టికుప్ప మీద కోడలు పమిట పరిస్తే, బిడ్డ ఆవిడ చేతుల్లోకే వచ్చింది. ఆడపిల్ల. వస్తూనే ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడ మాత్రం కిందికే చూస్తోంది. మట్టి నల్లబడుతోంది. అది ఆగే నెత్తురు కాదని ఆవిడకి తెలుసు. నాలుగోసారి చూస్తోంది.

పొట్టమీద పిడికిలితో అదిమిపట్టి, అలాగే చెక్కలు దాటించి, అలాగే అంబులెన్సు ఎక్కింది. దర్జీ పిల్ల ఆసుపత్రి గేటు కనపడేలోపే పోయింది.

మర్నాడు సూపర్‌వైజరమ్మ ఇంటికే వచ్చింది. చెడ్డమనిషి కాదు, ఆవిడ మీద కూడా ఎవరో ఉన్నారు. ఈ నెలాఖరుకి పటం ముందు నిలబడి లెక్క చెప్పాలి. కోడలితో మెల్లగా అంది. "ఆ అమ్మాయి ఓటు మొగుడి ఊళ్ళో ఉంది కదా. కాన్పూ చావూ అక్కడే అయినట్టు రాయిస్తే మన వాడ సున్నా సున్నాగానే ఉంటుంది."

కోడలు తలొంచుకుంది. మంత్రసానత్త మూలనుంచి అంది. "ఇక్కడ చచ్చిన మనిషిని ఎక్కడో చంపుతారా? నా చేతుల్లో అయింది కాన్పు. నా పేరు రాసుకోండి."

"రాస్తే మీకే ముప్పు, పెద్దమ్మా."

"రాయండి."

రాశారు. కాగితం రాయాల్సింది కోడలే. ఆ సాయంత్రం తను రాసినదాన్ని అత్తకి చదివి వినిపించింది. కాన్పు చేసినవారు: అర్హత లేని వ్యక్తి. మరణానికి కారణం: అర్హత లేని వ్యక్తి జోక్యం.

"గొయ్యి గురించి రాయవే" అంది మంత్రసానత్త.

"గొయ్యికి గడి లేదత్తమ్మా."

అయినా కోడలు పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో నాలుగు ముక్కలు రాసింది. రెండు రోజులకి కాగితం తిరిగొచ్చింది, గడుల బయట ఏమీ ఉండకూడదు, శుభ్రంగా తిరగరాసి పంపమని. కోడలు తిరగరాసింది. రాస్తున్నంతసేపూ అత్త ముఖం చూడలేదు. ఆ కలం మీదే ఇల్లు నడుస్తోందని అత్తకి తెలియంది కాదు.

కాగితంలో ఉన్నమాట వాడలోకి పాకడానికి ఎన్నాళ్ళు? చూసినవాళ్ళు కూడా, ఏమో, ముసలి చేతులు, అనడం మొదలుపెట్టారు. అసలు ఆవిడకే అనుమానం పట్టుకుంది. మొదట పిలిచినప్పుడే వెళ్ళుంటే ఆ పిల్ల తన మంచం మీదే కని, బతికేదేమో. తలుపు వేసుకోబట్టే పోయిందేమో. దీనికి జవాబు చెప్పగల డాక్టరు ఎవరైనా ఉంటే వెళ్ళి అడగాలనిపించేది.

పదిహేను రోజులకి దర్జీ పిల్ల తల్లి వచ్చింది, పొత్తిళ్ళలో పసిదాన్ని పెట్టుకుని. ఇస్త్రీ ఆయన పెళ్ళాం గుమ్మంలోకి వచ్చి నిలబడింది, గొడవవుతుందని. ఆ తల్లి తిట్టలేదు. మంత్రసానత్త ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నీ చేతుల్లోనే పోయిందటగా."

"అవునమ్మా."

"ఏమన్నా అందా?"

"బిడ్డ ఏడ్చిందా అని అడిగింది. ఏడ్చిందే, వినపడలేదా అన్నాను. వినపడింది, ఇంకోసారి చెప్పు అంది."

"చెప్పావా?"

"చెప్పాను. గేటు దాకా చెబుతూనే ఉన్నాను."

ఆ తల్లి తలాడించింది. పసిదాన్ని మంత్రసానత్త ఒళ్ళో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. తిరుగుడు ముగించుకొచ్చిన కోడలు, భుజాన రిజిస్టర్ల సంచీతో, తన గుమ్మం బయటే ఆగిపోయింది. లోపలికి రావాలో, ఇంకో రెండిళ్ళు తిరిగి రావాలో ఆమెకి తోచలేదు.