ఎత్తు మెట్ల తీగ

బొగ్గు అంటిన డ్యూటీ బట్టలు నీళ్లు తెల్లబడేదాకా పిండాలి. ముప్పై నాలుగేళ్లు అలా పిండిన వేళ్లివి. మా ఆయన యేసుదానం పోయి రెండేళ్లయింది. అయినా చిన్న రుమాలు ఉతికినా అంతే గట్టిగా మెలిపెడతాను.

ఆ వేళ్లనే శాంతిరాజ్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. గోదావరిఖనిలో మా చర్చి గిటార్లు బాగుచేసేది అతనే. కోరినట్టు కరెంటు గిటారు కూడా చేసిస్తాడు. మనవరాలు సారిక కోసమని చెప్పి పురమాయించాను. గిటారు మెడ మీద అడ్డంగా దిగ్గొట్టే మెట్ల తీగ ఏ సైజుదో ఇవాళ తేల్చాలట. తీగలు బిగించిన రెండు చెక్కలు ముందు పెట్టాడు. ఒకదాని మీద పొట్టి మెట్లు, రెండోదాని మీద ఎత్తువి.

“సారికను తోల్కరాకపోతివి అవ్వా. వేళ్లు చూడకుంట నేనెట్ల చెప్పాలె?”

పెళ్లికి ముందు చర్చిలో గిటారు వాయించేదాన్ని. పెళ్లయిన మొదటి ఆదివారం యేసుదానం నవ్వుతూనే అన్నాడు, ఆడవాళ్లు పాడితే చాలదా, తీగలు పట్టుకుని కూర్చుంటే డ్యూటీ బట్టలెవరు ఉతుకుతారని. అత్త నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గిటారును మా తమ్ముడు తీసుకుపోయాడు. తర్వాత ఆయన షిఫ్టుకు పోయిన ప్రతిసారీ కొంగు పిడికిట్లో బిగించి వాకిట్లో నిలబడేదాన్ని. గట్టిగా పట్టుకుంటే మనిషి తిరిగొస్తాడనుకునేదాన్ని. బొగ్గు బాయిలోంచి రోజూ తిరిగొచ్చాడు. చివరికి ఇంట్లో, మంచం మీద, ఆయన చెయ్యి నా పిడికిట్లో ఉండగానే పోయాడు.

“వేళ్లు నాయే బిడ్డా,” అన్నాను.

శాంతిరాజ్ నవ్వలేదు. పొట్టి మెట్ల చెక్క ముందుకు జరిపాడు. ఒత్తాను. వేళ్లు నొప్పి పుట్టాయి గానీ స్వరం సరిగ్గానే పలికింది. ఎత్తు మెట్ల మీద ఒత్తాను. స్వరం పైకి జారి అపస్వరమైంది. ఇంకా గట్టిగా ఒత్తాను, ఇంకా చెడింది. సిగ్గేసింది.

“గట్టిగ ఒత్తకు అవ్వా. గివి ఎత్తున్నయి, తీగ చెక్కకు తాకే పనే లేదు. ఊకె గట్ల ముట్టు, చాలు. కష్టమైతదంటె పొట్టియే పెడత. నీ చెయ్యి ఎంత ఒత్తినా అవి ఆపుకుంటయి.”

గట్టిగా ఒత్తొద్దని ఈ చేతులతో ఎవరూ ఎన్నడూ అనలేదు.

అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు అయింది. కిటికీ అద్దాలు వణికాయి. గోడకు వేలాడుతున్న గిటార్లన్నీ, ఎవరూ ముట్టకుండానే, నిద్రలో మాట్లాడినట్టు సన్నగా పలికాయి. ఆ మోత వింటే ఎప్పుడూ నా పిడికిలి బిగుసుకుంటుంది. ఇవాళా బిగుసుకుంది. గిటార్లు సద్దుమణిగేదాకా వింటూ ఒక్కో వేలూ విప్పాను. ఎత్తు మెట్టు మీద తీగను, పడుకున్న పసిపాప చెంప ముట్టినట్టు ముట్టాను.

అరవై దాటాక విన్నాను, నా స్వరం.

“ఎత్తయే పెట్టు,” అన్నాను. “చెయ్యే మార్చుకుంట.”

ఆర్డరు కాగితం అడిగి తీసుకున్నాను. ఎవరూ నేర్పని రాత నాది. కాగితం వెనక తేలేలా, పెన్ను గుచ్చినట్టు ఒత్తి రాస్తాను. సారిక పేరు కొట్టేసి నా పేరు, రెజీనా అని రాశాను. తిప్పి చూస్తే కాగితం వెనక అచ్చు పడలేదు.