కాస్పర్ కిటికీ తెరవని వారం

సాయంత్రం నాలుగయ్యేసరికి గామ్స్ బారులో ఇసుక వేస్తే రాలదు. కొండ దిగినవాళ్లు దిగినట్టే స్కీలు బయట మంచులో గుచ్చేసి, ఆ బరువు బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికొచ్చి పడతారు. చీకటి పడ్డాక బల్లలెక్కి గంతులేస్తారు. ఆ బారు నడిపే బుర్గీ కూడా వాళ్లతో పాటు గొంతు కలిపి పాడుతుంది. ఎర్లెన్‌మార్క్ట్ ఊరు మొత్తం మీద ఆ పాటలకి మొహం చిట్లించేవాడు ఒక్కడే. ఎదురింటి మేడ మీద ఉండే కాస్పర్.

కాస్పర్ ఊళ్లో స్కీ స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పే మాస్టారు. చిన్నప్పుడు బుర్గీతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు. రోజూ రాత్రి భోజనం కాగానే అతని కిటికీ భళ్లున తెరుచుకునేది.

"ఏమే, అది పాటా, రంపపు మిల్లా? పొద్దున్నే పాఠం చెప్పాలి నేను."

"నిద్ర రాకపోతే కిందికి రారా, జోల పాడతా," అనేది బుర్గీ గుమ్మంలోంచి.

"నీ గొంతు వింటే ఉన్న నిద్ర కూడా ఎగిరిపోతుంది."

లోపల జనం గొల్లుమనేవాళ్లు. బుర్గీ పాట కాస్త తగ్గించి, కిటికీ మూసుకోగానే మళ్లీ పెంచేది. కాస్పర్ భార్య రోజ్‌విత చనిపోయిన ఏడాది కూడా ఈ తగువు మానలేదు ఇద్దరూ.

అలాంటిది ఈ జనవరిలో ఒకరోజు కిటికీ తెరుచుకోలేదు. మర్నాడూ అంతే. గదిలో దీపం వెలుగుతూనే ఉంది, కర్టెను వెనక నీడ కదులుతూనే ఉంది. వారం గడిచాక బుర్గీ కావాలనే పాట బాగా పెంచి చూసింది. బారు అద్దాలు దడదడలాడాయి గానీ కిటికీ కదల్లేదు.

"పీడ విరగడైంది కదత్తా, ఇంకేం కావాలి నీకు?" అంది మేనకోడలు ఆఫ్రా, గ్లాసులు తుడుస్తూ.

"నాకేం కావాలే, ఏమీ వద్దు."

కానీ బీరు పోస్తున్నా బుర్గీ చూపు వీధి వైపే పోయేది. నా మీద కోపమొచ్చిందా, నేనేమన్నాను అని ఆలోచించింది. అన్న మాటలు చాలానే ఉన్నాయి, కానీ అన్నీ పాతవే.

ఆ ఆదివారం బారు తెరిచే లోపల ఎప్పట్లాగే కొండెక్కింది. రాత్రి కురిసిన మంచు ఇంకా ఎవరూ తొక్కలేదు. పైనుంచి జారి వస్తుంటే అడవి మలుపులో కాస్పర్ ఎర్ర కోటు కనబడింది. ఒక్కడే, తీరిగ్గా, పెద్ద పెద్ద వంపులు తిరుగుతూ దిగుతున్నాడు.

"కాస్పర్, ఎడమ పక్కనుంచి వస్తున్నా," అని కేకేసింది.

అతను సరిగ్గా ఎడమకే తిరిగాడు. ఆమె మళ్లీ అరిచింది, ఆపుకోబోయింది, ఆగలేకపోయింది. ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి దొర్లుకుంటూ పోయి దారి పక్క దిబ్బలో కూరుకుపోయారు. ఆమె స్కీ ఒకటి ఊడి, తన దారిన తాను కిందికి పోయి ఆగింది.

"కళ్లు నెత్తికెక్కాయా?" అన్నాడు కాస్పర్ నోట్లో మంచు ఊస్తూ. "వెనకనుంచి వచ్చేవాళ్లు కేకెయ్యాలని మొదటిరోజే చెప్తాను పిల్లలకి."

"రెండుసార్లు అరిచాన్రా."

"అబద్ధమాడకు."

ఇద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు. కాస్పర్ గొణుక్కుంటూ లేచి ఆమె స్కీ తేవడానికి దిగాడు. అతని వీపు ఇటు తిరగ్గానే బుర్గీకి అనుమానం వచ్చింది. "గాడిదా, నిన్ను రోజ్‌విత ఎలా భరించిందో," అంది మామూలు గొంతుతో. అతను తిరగలేదు. ఇంకాస్త గట్టిగా అంది. కాస్పర్ స్కీ తీసుకుని, మంచు దులిపి, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ వచ్చాడు.

బుర్గీ అతని ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా అడిగింది. "ఎప్పట్నుంచి?"

"ఏది?"

"చెవులు."

కాస్పర్ ఆ స్కీ మీద లేని మంచుని చాలాసేపు దులిపాడు. "వేసవినుంచి తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఉండి మాట్లాడితే తెలుస్తుంది. స్కూల్లో చెప్పకు బుర్గీ, నీకు పుణ్యముంటుంది."

"పిల్లలు నీ వెనకే కదరా వరసగా వస్తారు. ఒకడు పడి ఏడిస్తే ఎలా?"

"తిరిగి తిరిగి చూస్తూనే ఉంటా. మెడ పట్టేసింది."

మెడ తిప్పి చూపించబోయి అబ్బా అన్నాడు. బుర్గీకి నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు.

"రోజ్‌విత పోయాక రాత్రిళ్లు నీ పాడు పాటలే నాకు తోడు. తిట్టుకుంటూ నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు కిటికీ తెరిచినా చెవుల్లో దూది కూరినట్టుంది. ఏం వినబడిందని తిట్టను?"

బుర్గీ అతని టోపీ మీది మంచు తుడిచి, సరిగ్గా పెట్టింది.

"చెవికి మిషను పెట్టించుకో."

"ముసలాణ్ణనుకుంటారు."

"మరేమనుకోవాలి, పెళ్లికొడుకువనా? రేపే లోయలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా. రానంటే స్కూల్లో నేనే చెప్తా."

"బెదిరిస్తున్నావా?"

"ఆఁ, బెదిరిస్తున్నా. అంతవరకూ మోకాలు బెణికిందని సెలవు పెట్టు. నేను గుద్దానని చెప్పు, ఊరంతా నమ్ముతుంది."

ఊరంతా నమ్మింది. మిషను రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలన్నీ బుర్గీ రోజూ మధ్యాహ్నం బార్లీ సూపు గిన్నె పట్టుకుని ఎదురింటి మెట్లెక్కింది. తలుపు తట్టడం మానేసి, నేరుగా లోపలికెళ్లి దీపం ఆర్పి వెలిగించేది, తానొచ్చినట్టు తెలియడానికి.

కార్నివాల్ పండగ సాయంత్రం కాస్పర్ చెవుల్లో కొత్త మిషన్లతో గామ్స్‌లోకి అడుగుపెట్టాడు. జనం రకరకాల వేషాల్లో ఉన్నారు. అకార్డియన్ వాయిద్యం ఒక్కసారిగా అందుకోగానే అతను గోడకి జరిగాడు.

"ఇంత గోలా?"

"ఎప్పుడూ ఇంతే."

"అయితే నేను తిట్టింది తక్కువే."

అయినా వెళ్లిపోలేదు. ఒక మూల కూర్చుని, తల వంచి, గ్లాసులు తగిలే చప్పుడు, ఎవరో దగ్గడం, బూట్ల కింద చెక్క కిర్రుమనడం అన్నీ విన్నాడు. అతని కళ్లు తడిశాయని బుర్గీ చూసింది గానీ చూడనట్టు ఊరుకుంది. రెండు పాటలయ్యాక వచ్చి చెయ్యి పట్టి లేపింది. ఇద్దరూ మంచు బూట్లతోనే వాల్ట్జ్ ఆడారు. ఆ నాట్యంలో తొక్కుడే ఎక్కువ. ఆఫ్రా వంటగది గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాడు కాస్పర్ స్కూలుకి వెళ్లి ఉన్న సంగతి తనే చెప్పాడు. ఇన్నాళ్లూ దాచినందుకు స్కూలు నడిపే పెద్దాయన బాగా చివాట్లు పెట్టాడు. పెట్టి, ఇకనుంచి పిల్లల వరస చివర మరో టీచరు ఉండేలా ఏర్పాటు చేసి, కొండ మీదికి పంపాడు.

ఏప్రిల్‌లో మంచు శిఖరాలకి ఎక్కిపోయింది. సీజను అయిపోయి గామ్స్‌కి తాళం పడింది. శుక్రవారం సంతలో కాస్పర్, బుర్గీ కలిసి టమాటా నారు బేరం చేస్తుండగా అతను ఆమె వైపు వంగాడు.

"చీజు కొట్టు దగ్గర ఇద్దరాడవాళ్లు మన గురించే గుసగుసలాడుతున్నారు."

"ఏమంటున్నారు?"

"ఈ వయసులో వీళ్లకిదేం పిచ్చి అంటోంది ఒకామె. పోనీలే, బుర్గీకి వంటొచ్చు, వాడు బతికిపోతాడు అంటోంది రెండో ఆమె."

"నాకు వంటొచ్చని ఎవరు చెప్పార్ట?"

"అదే నాకూ అర్థం కాలేదు."

బుర్గీ మోచేత్తో ఒక్కటి పొడిచింది. నారు కట్ట అతని చేతిలో పెట్టి, ఆ చీజు కొట్టుకే నడిచి, ఇద్దరాడవాళ్లకీ నవ్వుతూ నమస్కారం చెప్పి, కాస్పర్‌కిష్టమైన గట్టి చీజు పెద్ద ముక్క కోయించింది.