ఆకువక్కలు ఎవరి చేతికి

కరోనా రెండోసారి వచ్చినప్పుడు సూరత్‌లో మా తెలుగు సమాజం హాలులో పన్నెండు మంచాలు వేశారు. మూడో మంచం మీద నా భర్త నర్సింగం ఉన్నాడు. ఉన్న ఆక్సిజన్ సాయంత్రం దాకే వస్తుందన్నారు. సిలిండర్లు తెచ్చే పని ఎవరికివ్వాలో తేల్చవలసింది సమాజం పెద్ద, మా మామ సోమలింగం. ఆయన ఆకువక్కలు ఎవరి చేతిలో పెడితే పని వారిదే. పెట్టాక వెనక్కి తీసుకోవడం మాలో లేదు.

ఇంటి ముందు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ఊరి చివర ఇచ్ఛాపూర్‌లో ఆక్సిజన్ సిలిండర్లు నింపే జయేశ్‌భాయ్. రెండోవాడు పల్సానాలో వెల్డింగ్ గ్యాస్ దుకాణం నడిపే మా అన్న ఉమాకాంత్. మా ఆయనకు ఇంజెక్షన్ దొరకనప్పుడు మూడు రోజులు తిరిగి తెచ్చినవాడు అతడే.

"మామా, గా భాయ్ బండి సాయంత్రానికి గాని రాదు. నా బండి గల్లీలనే ఉన్నది. ఇంటోన్ని నన్ను పెట్టుకొని గింత సోంచాయించుడేంది?" అన్నాడు అన్న.

మామ అతని వైపు చూశాడు. హాలు వైపు చూశాడు. "బిడ్డా, పళ్లెం తే" అన్నాడు.

చంటివాడిని చంకనేసుకుని పళ్లెం తెచ్చాను. మొన్న అన్న దుకాణంలో వీడు ఒక సిలిండర్‌ను తాకితే ఆక్సిజన్ సిలిండర్లకుండే నల్లరంగు తడితడిగా అరచేతికి అంటింది. రంగు పోయిన చోట నీలం కనిపించింది. నీలి సిలిండర్‌లోది వెల్డింగ్ గ్యాసని, పీలిస్తే ఊపిరి పోతుందని అన్నే ఒకప్పుడు చెప్పాడు. అడిగితే నవ్వాడు. "ఖాళీ చేసి అసల్ మాల్, ఆక్సిజనే నింపిన. ఆరో తరగతి ఇడిసిపెట్టినదానివి, నీకేం ఎరుక?"

మామ ఆకువక్కలు తీసి అన్న వైపు చేయి చాపాడు.

"మామా! జర వీని చెయ్యి చూడు." కిరసనాయిలుతో కడిగినా మరక పోలేదు. "అన్న దుకాణంల నీలి సిలిండర్ మీద పూసిన రంగిది."

"నోరు మూయ్ చెల్లే! నా బావను నేనే సంపుకుంటనా?"

మామ చేయి అలాగే ఆగింది. "సరే ఉమాకాంత్. ఒక్కటి దించు. ముందుగాల నువ్వు పీల్చు."

అన్న బండి వైపు ఒక అడుగు వేసి ఆగాడు. "నింపింది పనోళ్లు మామా, ఏం నింపిండ్రో నేను సూడలే..." అని తల దించుకున్నాడు.

ఆకువక్కలు జయేశ్‌భాయ్ చేతికి వెళ్లాయి. "సాయంత్రం దాక బావ పానం ఆగకుంటే నన్ను అడగకు" అని అన్న బండెక్కాడు.

ఆ మాట చెవిలో మోగుతుండగా సాయంత్రం దాకా గల్లీ మొగలో నిలబడ్డాను. జయేశ్‌భాయ్ బండి వచ్చింది. మొదటి సిలిండర్ దించగానే అడ్డం నిలిచి తాళంచెవితో గీకాను.

"క్యా కర్ రహీ హో, బెహన్?" ఏం చేస్తున్నావని అడిగాడు జయేశ్‌భాయ్.

నల్లరంగు కింద నీలం కాక ఇనుమే కనబడే దాకా గీకి, అప్పుడు దారి విడిచాను.